ఉప్పు లేని నెలల్లో వచ్చిన అతిథి

మా వైపు కయ్యల్లో ఉప్పు పండేది ఎండలు ముదిరిన నెలల్లోనే. నవంబరులో వస్తే చూడడానికి ఏమీ ఉండదనీ, తాటాకు కప్పిన ఉప్పు గుట్టలూ వాననీళ్ళు నిలిచిన కయ్యలూ తప్ప ఇంకేమీ కనిపించవనీ ఆ ఫెలోషిప్ ఆఫీసుకు చాలాసార్లు మెయిల్ రాశాను. ప్రతిసారీ మర్యాదగా జవాబిచ్చారు. అన్ని దేశాల వాళ్ళకూ కలిపి క్యాలెండరు ఖరారైపోయిందట, ఇక మార్చడం కుదరదట. అలా మా అతిథి ఉప్పు లేని నెలల్లో బిట్రగుంటకు వచ్చింది.

ఆ ఫెలోషిప్ సంగతి కొంచెం చెప్పాలి. ఆసియాలోని మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోవాలనే ఉద్దేశంతో నడిచే సంస్థ అది. ఏటా కొందరు రచయితల్ని జంటలుగా ఎంచుకుంటుంది. జంటలో ఇద్దరివీ వేరువేరు దేశాలు, రాయవలసిన విషయం మాత్రం ఒకటే. ముందు ఒకరు రెండోవారి ఇంట్లో రెండు నెలలు ఉండాలి. తర్వాత వారు వచ్చి వీరి ఇంట్లో ఉండాలి. చివరికి ఇద్దరూ కలిసి ఇంగ్లీషులో ఒక పుస్తకం రాయాలి. అలా వచ్చిన పుస్తకాల్లో మంచిదనుకున్న దానికి అవార్డు ఇస్తారు.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. అల్లూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఉప్పు కయ్యల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు నా క్లాసుల్లో ఉండేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకు రాకపోకలు పెరిగి, ఉప్పు పని గురించి ఒక పత్రికలో కొన్ని వ్యాసాలు రాశాను. వాటిని చూసే నన్ను ఎంపిక చేశారు. నాకు జోడీగా దొరికిన అమ్మాయిది ఇండోనేషియా. జావా ద్వీపం ఉత్తర తీరాన, సముద్రం ఒడ్డున ఉప్పు పండించే పల్లెలో పుట్టి పెరిగింది. నాకంటే బాగా చిన్నది. బడిలో పాఠాలు చెబుతూ అక్కడి పత్రికకు రాసేది.

ముందు నేనే వెళ్ళాను, ఆగస్టులో. వాళ్ళకు అది ఎండల కాలం. ఇంట్లో ఆమె, వాళ్ళ నాన్న, ఇద్దరే. తల్లి పోయి చాలా ఏళ్ళయిందట. అన్న వేరే పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ పెద్దాయన సన్నగా, ఎండకు నల్లబడి, ఎప్పుడూ కాస్త దగ్గుతూ ఉండేవాడు. పొద్దున్నే నన్ను కయ్యల మీదికి తీసుకెళ్ళేవాడు. అక్కడ కయ్యకొక చిన్న చెక్క గాలిమర ఉంటుంది. అది తిరిగితే కాలవలోని సముద్రపు నీళ్ళు కయ్యలోకి ఎక్కుతాయి. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నాకు వాళ్ళ భాషలో అన్నం, నీళ్ళు, గాలి, ఉప్పు, చాలు అనే మాటలు తప్ప రావు. కూతురు బడికి వెళ్ళిపోయాక మా ఇద్దరికీ ఆ నాలుగైదు మాటలే గతి. ఆయన మాత్రం అదేమీ పట్టించుకునేవాడు కాదు. నాకంతా అర్థమవుతున్నట్టే మాట్లాడుకుంటూ పోయేవాడు. నేనూ మొహమాటం వదిలేసి తెలుగులోనే జవాబు చెప్పేదాన్ని.

"మా దగ్గర గాలిమరలు లేవండీ, ఇంజన్లు పెట్టినారు" అంటే తల పంకించి, ఇంకేదో పెద్ద సంగతి మొదలుపెట్టేవాడు.

ఒకసారి నాకు జ్వరం వచ్చింది. కూతురు బడికి సెలవు పెట్టలేక వెళ్ళిపోయింది. పరాయి ఆడమనిషి పడుకున్న గదిలోకి రావడం ఆయనకు పద్ధతి కాదు. గుమ్మం బయట చాప వేసుకుని కూర్చుని, కూతురు తిరిగొచ్చేదాకా ఏదో చెబుతూనే ఉన్నాడు. కథలో, ఊరి కబుర్లో, ప్రార్థనలో నాకు తెలియదు. ఆ గొంతు ఆగినప్పుడల్లా నేను కళ్ళు తెరిచేదాన్ని. ఆయన దగ్గి, మళ్ళీ అందుకునేవాడు. నన్ను 'నాక్' అని పిలిచేవాడు. బిడ్డా అని దానర్థం. మా నాన్న పోయాక నన్ను అలా పిలిచినవాళ్ళు లేరు.

నేను బయలుదేరే రోజు కూతురితో చెప్పించాడు, వచ్చే ఏడు మా ఆయన్ని కూడా తీసుకురావాలనీ, రైల్వే మనిషి కాబట్టి గాలిమరలు బాగుచేయించుకుంటాననీ. మా ఆయన బిట్రగుంట స్టేషన్‌లో సిగ్నల్ విభాగంలో పనిచేస్తారని నేను చెప్పిన సంగతి ఆయనకు గుర్తుంది.

అక్టోబరు చివర్లో ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మాది పాత రైల్వే కాలనీలో క్వార్టరు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తయ్య. మేము క్రైస్తవులం. అత్తయ్య పొద్దున లేస్తూనే ప్రార్థన చేసుకుంటుంది. ఆ అమ్మాయి ముస్లిం. వచ్చిన మొదటి రోజే పడమర ఎటో అడిగి, ముందు గదిలో బీరువా పక్కన తన చాపకు చోటు చూసుకుంది. అత్తయ్య ఆ మూల ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆ పక్కకు ఎవరూ చెప్పులతో రాకూడదని ఇంట్లో అందరికీ ఆర్డరు వేసింది.

వాళ్ళిద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఉన్న రెండు మూడు మాటలూ అడ్డం తిరిగేవి. వాళ్ళ భాషలో ఉప్పును 'గరం' అంటారు. భోజనం దగ్గర ఆ అమ్మాయి పప్పు చూపించి "గరం" అంది. అత్తయ్య గిన్నె లాక్కుని లేచింది.

"పప్పు చల్లారిందంట మే, కాచుకొస్తా ఉండు."

కాచి తెచ్చాక మళ్ళీ "గరం" అంది. అత్తయ్య మళ్ళీ కాచింది. పొగలు కక్కుతున్న పప్పును ముందు పెట్టుకుని ఆ అమ్మాయి బిక్కమొహం వేస్తే, నేను వంటగదిలోంచి వచ్చి ఉప్పు డబ్బా ఇచ్చాను. ముగ్గురం నవ్వి నవ్వి అలిసిపోయాం. అక్కను వాళ్ళు 'కాక్' అని పిలుస్తారు. నన్ను అలా పిలుస్తుంటే కాలనీ పిల్లలు కాకి, కాకి అని వెంటపడేవాళ్ళు. దాంతో 'అక్కా' అనడం నేర్చుకుంది.

రోజూ ఇద్దరం బస్సులో కయ్యల వైపు వెళ్ళేవాళ్ళం. పని లేని రోజులు కాబట్టి ఆడవాళ్ళు ఇళ్ళ ముందు కూర్చుని ఉండేవాళ్ళు. ఆమె అడిగేది, నేను తెలుగులో చెప్పేదాన్ని, వాళ్ళు చెప్పింది మళ్ళీ ఇంగ్లీషులో చెప్పేదాన్ని. ఆమె రాసుకునేది. వాళ్ళ అరికాళ్ళలో పడే పుండ్లు, తన తండ్రి అరికాళ్ళలోనూ ఉన్నాయని చెప్పి వాళ్ళను ఆశ్చర్యపరిచింది. బాగానే సాగుతోందనుకున్నాం.

మూడో వారంలో ఒక పొద్దున ఆమె అన్న ఫోన్ చేశాడు. తండ్రికి ఊపిరి ఆడటం లేదు, ఆసుపత్రిలో చేర్చారు. వీడియోలో పెద్దాయనను చూపించాడు. ముక్కుకు గొట్టం ఉంది. కూతురితో కాసేపు మాట్లాడి, నేను పక్కనున్నానని తెలిసి నన్ను చూపించమన్నాడు. "నాక్" అని ఏదో అన్నాడు.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

"మీ దగ్గర వాన పడుతోందా, గుట్టల మీద కప్పు గట్టిగా వేశారా అని అడుగుతున్నాడు" అంది ఆమె.

అప్పటికి రెండు రోజులుగా ముసురు పట్టి ఉంది. "వేశారని చెప్పు" అన్నాను. ఆమె చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని తలాడించాడు.

వెంటనే ఫెలోషిప్ ఆఫీసులో మా బాగోగులు చూసే మేడమ్‌కు ఫోన్ చేశాం. ఆమె మంచి మనిషి. ఆ సాయంత్రానికల్లా చెన్నై నుంచి టికెట్ పంపించింది, మర్నాటి రాత్రి విమానానికి. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటాం. అత్తయ్య దారిలో తినడానికి పులిహోర కలుపుతానంది. ఆ అమ్మాయి పెట్టె సర్దుకుంది.

తెల్లారేసరికి వాన తీరు మారిపోయింది. సముద్రంలో ఉందన్న వాయుగుండం కాస్తా మా మీదికే వచ్చింది. పైన సోమశిల నుంచి నీళ్ళు వదిలారు. సంగం దగ్గర పెన్న ఒడ్డులు దాటిందని టీవీలో చెబుతుండగానే కరెంటు పోయింది. మా ఆయన డ్యూటీకి వెళ్ళిన గంటకే ఎవరితోనో కబురు పంపారు, స్టేషన్‌కు రావద్దని. నెల్లూరికి ఇవతల పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, చెన్నై వైపు ఒక్క బండీ కదలదు. హైవే మీద కూడా నీళ్ళే. మేమున్నది పెన్నకు ఉత్తరాన, చెన్నై ఉన్నది దక్షిణాన. మధ్యలో నది.

నేను చెప్పినదంతా ఆమె జాగ్రత్తగా విని, "ఇంకో దారి ఉందా?" అని అడిగింది.

ఉంది. ఉత్తరంగా విజయవాడ చేరితే అక్కడి నుంచి విమానం ఉంటుంది. ఆ సంగతి మేడమ్‌కు చెప్పి టికెట్ మార్పిద్దామని ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఇంట్లో ఉన్న మూడు ఫోన్లూ పైకెత్తి పట్టుకుని, గొడుగేసుకుని, కాలనీ అంతా తిరిగాం. నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాం. ఎక్కడా ఒక్క గీత రాలేదు. కరెంటు లేక టవర్లు ఆగిపోయాయన్నారు.

"టికెట్ సంగతి తర్వాత. ముందు విజయవాడ చేరుకుందాం" అన్నాను. కాలనీలో కారు నడిపే అతన్ని బతిమాలితే ఒప్పుకున్నాడు. కావలి వైపు బయలుదేరాం. ఎంతో దూరం వెళ్ళలేదు. రోడ్డును అడ్డంగా కోసుకుంటూ ఒక వాగు పారుతోంది. మామూలు రోజుల్లో అక్కడ వాగుందనే గుర్తు రాదు. లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. రెయిన్‌కోటు వేసుకున్న కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికి పోతారమ్మా? లారీలే నిలబడిపోయినాయి గదా. పొద్దున ఒక ఆటో కొట్టుకోని పోయింది."

"ఈ అమ్మాయిది వేరే దేశం అన్నా. వాళ్ళ నాయనకు బాగలేదు. విమానం ఎక్కాల."

అతను ఆమె ముఖం వంక చూశాడు. గొంతు తగ్గించాడు. "నేనేం చేసేదమ్మా? దించి మోసకపోయేట్టుంటే మోసకపోదును. ఆ నీళ్ళు చూడు."

ఆమె కారు దిగి నీళ్ళ అంచు దాకా నడిచింది. నేను వెనకే గొడుగు పట్టుకుని వెళ్ళాను. బురదనీళ్ళలో తుమ్మచెట్టు ఒకటి వేళ్ళతో సహా దొర్లిపోతోంది. ఆమె ఏడవలేదు. గాలికి గొడుగు వెనక్కి తిరగబడింది. దాన్ని సరిచేయడానికి నేను పెనుగులాడుతుంటే, ఆమె నా చేతిలోంచి తీసుకుని మడిచేసింది. ఇద్దరం తడుస్తూ నిలబడ్డాం. కారతను హారన్ కొట్టాడు. తిరిగొచ్చేశాం.

ఆ రోజూ, మర్నాడూ ఇంట్లోనే. చీకటి పడితే కొవ్వొత్తి, పగలు వాన చప్పుడు. ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోతుందని ఆపేసి, ఉండుండి వెలిగించి చూసుకుని మళ్ళీ ఆపేసేది. వేళకు లేచి చాప మీద నమాజు చేసుకునేది. తగ్గిపోతుందిలే అని ఒకసారి అన్నాను. వాన తగ్గుతుందంటున్నానో జబ్బు తగ్గుతుందంటున్నానో నాకే తెలియలేదు. ఆమె ఏది అనుకుందో.

అత్తయ్య తన పద్ధతిలో తాను చేసింది. ఆ అమ్మాయి పక్కన కూర్చుని, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, సముద్రం అవతల ఉన్న ఆ బిడ్డ తండ్రిని చూడు నాయనా" అని. యేసు నామంలో అడుగుతున్నామని ముగించింది. ఈ పిల్ల నొచ్చుకుంటుందేమో, అత్తయ్యను ఆపితే ఆమె నొచ్చుకుంటుందేమో. ప్రార్థన ముగిశాక ఆ అమ్మాయి "ఆమీన్" అంది. అత్తయ్య "ఆమెన్" అంది. ఆ తర్వాత ఆ అమ్మాయి చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

రైల్వే వాళ్ళకు స్టేషన్ నుంచి స్టేషన్‌కు మాట్లాడుకునే సొంత ఫోన్ ఉంటుంది. అది పనిచేస్తూనే ఉంది. మా ఆయన దాని ద్వారా విజయవాడలో ఉన్న తన స్నేహితుడికి మేడమ్ నంబరు చెప్పి, కబురు కనుక్కోమన్నారు. మా చేతుల్లో ఉన్నది అదొక్కటే. దానికి జవాబు మూడో రోజు పొద్దున పదకొండింటికి వచ్చింది. ఆయన వానలో నడుచుకుంటూ ఇంటికొచ్చి, లోపలికి రాకుండా వరండాలోనే నిలబడి నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి తల తుడుచుకుంటున్నారు.

"పోయినాడంట. మనం వాగు కాడి నుంచి తిరిగొచ్చిన పొద్దే. ఆ సాయంత్రమే మట్టి చేసేసినారంట. వాళ్ళలో ఆపరంట గదా."

తువ్వాలు భుజాన వేసుకుని, "నువ్వే చెప్పాల" అన్నారు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు.

నేను ముందు గదిలోకి నడిచిన ఆ కాస్త దూరంలో మాటలు వెతుక్కున్నాను. తెలుగులో అయితే ఎన్ని లేవు. కాలం చేశారు, పోయారు, దాటిపోయారు, ప్రభువు పిలుచుకున్నారు. ఎదుటి మనిషిని బట్టి ఒకటి ఎంచుకుంటాం. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన దాన్ని, ఆ రోజు నాకు అక్కరకొచ్చింది ఒక్కటీ లేదు. వాళ్ళ భాషలో నాకు తెలిసినవి అన్నం, నీళ్ళు, గాలి. ఇంగ్లీషులో మిగిలింది ఒకే ఒక్క మాట, అది మోటుగా రాయిలాగా ఉంది. ఆ మాట నేను అనాల్సిన అవసరం రాలేదు. ఆమె నా ముఖం చూసి లేచి నిలబడింది.

"ఎప్పుడు?" అంది.

చెప్పాను.

"ఖననం?"

అయిపోయిందని చెప్పాను. ఆమె తల వంచుకుని తన భాషలో మెల్లగా ఏదో అంది. ముఖం కడుక్కుని వచ్చి చాప పరుచుకుంది. ఎక్కడో పోయిన మనిషికి ఇక్కడి నుంచే చేసే జనాజా ప్రార్థన అని తర్వాత చెప్పింది. అది నిలబడే చేస్తారు. అత్తయ్య గోడకానుకుని తనూ నిలబడింది, ఆమె చాప మడిచేదాకా.

ఆ తర్వాత జరిగినది ఎవరూ కావాలని చేసింది కాదు.

కాలనీలో కబురు తెలిసిపోయింది. ఆడవాళ్ళు వానలోనే వచ్చారు. పక్క క్వార్టరు అక్క అందరికంటే ముందు వచ్చి ఆ అమ్మాయిని వాటేసుకుని గొంతెత్తి ఏడ్చింది. "నీకెంత కష్టమొచ్చింది తల్లీ! కడసారి చూపు కూడా లేకపాయెనే! ఊరుగాని ఊళ్ళో ఒక్కదానివి అయిపోతివే!" మిగిలినవాళ్ళూ చుట్టూ కూర్చుని అందుకున్నారు. అందరి కళ్ళలోనూ నీళ్ళే. నిజమైన నీళ్ళు. ఆ అమ్మాయి మాత్రం వాళ్ళ మధ్యలో బిగుసుకుపోయి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేల చూస్తూ కూర్చుంది.

కాసేపటికి అక్క నన్ను పక్కకు లాగింది. "ఆ పిల్ల ఏడవట్లేదు గదా. అట్ట లోపల పెట్టుకుంటే గుండె పగులుద్ది. మనమే ఏడిపించాల."

"వద్దక్కా, వాళ్ళ పద్ధతి వేరేమో" అన్నాను.

"తండ్రి పోతే ఏడవని పద్ధతి యాడన్నా ఉంటదా?"

వాళ్ళ ఊళ్ళో రెండు నెలలు ఉండి వచ్చాను. ఉప్పు ఎలా గీకుతారో, పెళ్ళిలో ఏం వండుతారో రాసుకొచ్చాను. నేనున్న రోజుల్లో అక్కడ ఎవరూ చనిపోలేదు. అక్క వెళ్ళి ఆమె తల మీది గుడ్డ కాస్త వెనక్కి జరిపి, జుట్టు నిమురుతూ, "ఏడువమ్మా, ఏడువు" అనసాగింది. ఆ అమ్మాయి కళ్ళెత్తి నా వైపు చూసింది. ఆ చూపు అర్థం కానిదేమీ కాదు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. "అక్కా, కాసేపు పడుకోనిద్దాం" అన్నాను. నా మాట ఏడుపుల్లో ఎవరికీ వినబడలేదు. గట్టిగా అంటే ఏమనాలి? దుఃఖం పంచుకోవడానికి వానలో తడిసి వచ్చిన మనుషుల్ని ఏమని లేపాలి? ఆమె మళ్ళీ కళ్ళు దించుకుంది. చాలాసేపటికి, వాళ్ళు వెళ్ళాలంటే అదొక్కటే దారి అని ఆమెకు తోచిందో, నిజంగానే గుండె కరిగిందో, ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "అమ్మయ్య" అని అక్క ఆమె ముఖం తన కొంగుతో తుడిచింది. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

వాన వెలిసి, కట్ట పోసి, బళ్ళు వదిలాక ఆమెను చెన్నై తీసుకెళ్ళి విమానం ఎక్కించాను. విమానాశ్రయం గాజుతలుపుల దగ్గర నన్ను కౌగిలించుకుంది. "అత్తయ్యకు చెప్పు" అంది. ఏం చెప్పాలో చెప్పలేదు.

పుస్తకం గడువు అలాగే ఉంది. నా భాగం నేను రాశాను. అందులో పెద్దాయన బతికే ఉన్నాడు, వచ్చే ఏడు రమ్మంటున్నాడు. మార్చనా అని మేడమ్‌ను అడిగితే, "అలాగే ఉంచండి, చాలా బాగుంది" అంది. ఆ అమ్మాయి మొదటి వారాల గురించి పేజీలు పంపింది. గరం సంగతి, అరికాళ్ళ సంగతి అన్నీ ఉన్నాయి. ముసురు పట్టిన రోజు దగ్గర ఆగిపోయింది. ముగింపు కావాలనీ, ఇక్కడ తాను ఏం అర్థం చేసుకుందో రెండు పేజీలు రాస్తే చాలనీ మేడమ్ మెయిళ్ళు పంపింది. జవాబు రాకపోయేసరికి నన్ను మాట్లాడమంది. ఒక ఆదివారం ఫోన్ చేశాను.

"రాయలేనక్కా" అంది. "అర్థం చేసుకున్నానని రాయాలి కదా. నాకు మీ అందరి మీదా కోపం వచ్చింది. నా తల మీది గుడ్డ తీసినప్పుడు లేచి పారిపోవాలనిపించింది. మా దగ్గర పోయినవాళ్ళ కోసం కేకలు వేసి ఏడవరు. అది వాళ్ళకు బరువవుతుందంటారు. మా నాన్న మీద బరువు పెడుతున్నారని అనుకున్నాను. ఆ ఆడవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తప్పని కూడా తెలుసు. ఈ రెండూ కలిపి ఎలా రాయాలి?"

"ఇలాగే రాయి" అన్నాను.

"వాళ్ళు చదివితే?"

కయ్యల దగ్గర ఆడవాళ్ళకూ, మా కాలనీ వాళ్ళకూ పుస్తకం చూపిస్తామని ఇద్దరం మాటిచ్చి ఉన్నాం. అక్క కొడుకు ఇంగ్లీషు చదవగలడు.

"ఆ రోజు నువ్వు చూశావు కదక్కా నా వైపు" అంది ఆమె.

"చూశాను. ఏం చెయ్యాలో తెలియలేదు."

"నాకు తెలుసు. నీకూ తెలియలేదని నాకు కనిపించింది. అదే నాకు ఎక్కువ భయం వేసింది."

ఆమె ముగింపు రాయలేదు. సంపాదకులు ఆమె భాగాన్ని వాన మొదలైన చోటనే ఆపి, కింద కాస్త ఖాళీ వదిలి అచ్చువేశారు. ఆ ఖాళీ గొప్ప శిల్పమని తర్వాత ఒకరు సమీక్షలో రాశారు.

ఏడాది తిరిగాక ఆ పుస్తకానికి అవార్డు వచ్చింది. ఢిల్లీలో సభ. ఆ అమ్మాయికి టికెట్ పంపుతామన్నారు, ఆమె రానంది. వేదిక మీద రెండు కుర్చీలు వేసి ఒకటి ఖాళీగా ఉంచారు. ఒకరి బతుకులోకి ఒకరు ఎంతగా ప్రవేశించవచ్చో ఈ పుస్తకం చూపించిందని న్యాయనిర్ణేతల్లో ఒకాయన చెప్పారు. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. రాసుకెళ్ళిన కాగితం పక్కన పెట్టి, ఆ వాన రోజు సంగతి చెబుదామనుకున్నాను. తండ్రి పోయిన కబురు, కాలనీ ఆడవాళ్ళు తడుస్తూ రావడం, చుట్టూ కూర్చుని ఏడవడం దాకా చెప్పాను. హాల్లో అందరి ముఖాలూ మెత్తబడిపోయాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళు వింటున్నది వేరే కథ. ఇక్కడి నుంచి "కానీ" అని మొదలుపెట్టాలి. పక్క క్వార్టరు అక్క తడిసిన చీర గుర్తొచ్చింది. అక్కను ఈ హాల్లో నిలబెట్టి తప్పు చూపించినట్టవుతుంది. గుడ్డ సంగతి చెబితే ఆ అమ్మాయి నాకొక్కదానికే చెప్పుకున్నది బయట పెట్టినట్టవుతుంది. కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి.

టీ దగ్గర ఆ కళ్ళు తుడుచుకున్నావిడ వచ్చి నా చేతులు పట్టుకుంది. "ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం అలా ఏడ్చే మనుషులు ఇంకా ఉన్నారంటే ఎంత బాగుందండీ" అంది. అవునన్నాను. ఆమె చెప్పింది అబద్ధం కాదు. వాళ్ళు ఏడ్చారు.

బిట్రగుంటకు వచ్చాక జ్ఞాపికను చూడడానికి కాలనీ వాళ్ళు వచ్చారు. పక్క క్వార్టరు అక్క పుస్తకం తిరగేసి, కయ్యగట్టు మీద ఆ అమ్మాయితో కలిసి నేను దిగిన ఫొటో దగ్గర ఆగింది.

"ఆ పిల్ల ఫోన్ చేస్తా ఉంటదా?"

"చేస్తదక్కా, అప్పుడప్పుడూ."

"పాపం, ఒంటి పిల్ల. ఆ పొద్దు మనం లేకపోతే ఏమయిపోయేదో. మన చేతనయింది మనం చేసినాం గదా?"

"చేసినామక్కా" అన్నాను.

అక్క పుస్తకం మూసి, పైట చెంగుతో అట్ట తుడిచి నాకిచ్చింది.

ఆ అమ్మాయి ఇప్పుడు బడి మానేసి తండ్రి కయ్యలే చూసుకుంటోంది. రాయడం లేదు. మళ్ళీ దరఖాస్తు చేసుకుంటే ఒంటరిగానైనా ఇంకో ఫెలోషిప్ ఇస్తామనీ, నేను నచ్చజెప్పాలనీ మేడమ్ ఈమధ్య ఫోన్ చేసింది. నేను అడగనన్నాను. ఆమె కారణం అడిగింది. ఎటు నుంచి మొదలుపెట్టాలో తోచక, లైన్ సరిగ్గా లేదండీ, తర్వాత మాట్లాడతానని చెప్పి పెట్టేశాను.